పాత పానాలు: ఏరుకోవడం నుంచి తుప్పు దించడం దాకా

తుప్పు పట్టిన పాత పానా చేతికి రాగానే చాలామంది దాన్ని నేరుగా తిరిగే వైరు బ్రష్ కింద పెడతారు. పది నిమిషాల్లో తళతళలాడుతుంది. ఆ పది నిమిషాల్లోనే తయారీదారు పేరు, పేటెంట్ తేదీ, మోడల్ నంబరు అంచులు అరిగి మొద్దుబారతాయి. సేకరణలో పానాకి విలువ తెచ్చేది చాలావరకు ఆ అక్షరాలే. తుప్పు ఎప్పుడైనా దించుకోవచ్చు, పోయిన ఉక్కు మాత్రం తిరిగి రాదు. అందుకే కింద చెప్పిన పనులన్నీ ఒకే లెక్కన సాగుతాయి: ముందు నూనె, తర్వాత నానబెట్టడం, ఇక తప్పదనుకున్నప్పుడే గీకడం.

ఇంకో సంగతి కూడా ముందే తేల్చుకోండి. ఈ పానాతో నట్లు విప్పుతారా, లేక గోడకు వేలాడదీస్తారా? వాడేదానికి పగుళ్లు ఉండకూడదు, దవడలు సరిగ్గా ఉండాలి, పైన రంగు ఎలా ఉన్నా ఫర్వాలేదు. దాచుకునేదానికి ఇది తలకిందులు. అసలు నల్లపూత, ముద్రలు, కాలంతో వచ్చిన ముదురు గోధుమరంగు చెక్కుచెదరకూడదు. దవడ కొద్దిగా సాగినా నష్టం లేదు.

ఏరేటప్పుడు

సాధారణంగా దొరికేవి నాలుగు రకాలు. రెండు కొసలా నోరున్న మామూలు పానాలు, చెక్కపిడి మంకీ రెంచీలు, పైపు రెంచీలు, బొటనవేలితో చక్రం తిప్పి నోరు పెంచుకునే స్క్రూ పానాలు. ఈ మూడు సర్దుబాటు రకాల వెనకా పేరు తెలిసిన మనుషులున్నారు. మంకీ రెంచీలో సర్దుబాటు చక్రాన్ని పిడి పక్కకి తెచ్చి, పట్టుకున్న చేతి బొటనవేలితోనే తిప్పేలా చేసింది అమెరికాలోని వూస్టర్‌కు చెందిన లోరింగ్ కోజ్, 1841 పేటెంట్‌తో. పైపు రెంచీకి డేనియల్ స్టిల్‌సన్ 1869 అక్టోబరు 12న పేటెంట్ పొందాడు. నేటి స్క్రూ పానాకి మూలం స్వీడన్‌లో యోహాన్ పెట్టర్ యోహాన్సన్ 1892లో పేటెంట్ చేసిన నమూనా. దాన్ని అమ్మిన బి.ఎ. యోర్త్ అండ్ కంపెనీ పేరులోని అక్షరాల నుంచే బాకో అన్న బ్రాండు వచ్చింది. అమెరికాలో అదే తరహా పానాకి 1907లో జేమ్స్‌టౌన్‌లో మొదలైన క్రెసెంట్ టూల్ కంపెనీ పేరే వాడుకపేరుగా స్థిరపడింది.

చేతిలోకి తీసుకోగానే చూడాల్సింది పగుళ్లు. నోరున్న పానాలో నోటి అడుగు మూలలు, స్క్రూ పానాలో కదిలే దవడ జారే గాడి మూల, మంకీ రెంచీలో తల కింది మెడ. పగుళ్లు పుట్టే చోట్లు ఇవే. దారం కట్టి వేలాడదీసి చిన్న సుత్తితో తడితే సుత్తిపోటు ఉక్కు (అచ్చులో పోయకుండా, కాల్చి కొట్టి మలిచింది) కంచులా మోగుతుంది. మందంగా ‘టప్’ మంటే అనుమానించాలి. అయితే చెక్కపిడి ఉన్నవాటికి, వదులు భాగాలున్నవాటికి ఈ పరీక్ష పనికిరాదు.

ఇంటికి తెచ్చాక గట్టి పరీక్ష చేయవచ్చు. అనుమానమున్న చోటును శుభ్రం చేసి గంటసేపు కిరసనాయిలులో నానబెట్టండి. గుడ్డతో పొడిగా తుడవండి. సుద్దపొడిని స్పిరిట్‌లో కలిపి పల్చగా పూసి ఆరనివ్వండి. పగులు ఉంటే లోపల దాగిన కిరసనాయిలు పది పదిహేను నిమిషాల్లో సుద్దలోకి ఊరి సన్నటి తడిగీత కనిపిస్తుంది. అలాంటి పానా గోడకే. వెల్డింగ్ చేసి మళ్లీ వాడదామనుకోవద్దు. వెల్డు పక్కనున్న ఉక్కు వేడికి పదును మారి, ఈసారి పక్కచోట విరుగుతుంది. బలంగా లాగుతున్నప్పుడు విరిగిందా, వేళ్లు నేరుగా ఇంజను మీదికి పోతాయి.

పిడి మీద సుత్తి దెబ్బల గుంటలు, కొస దగ్గర గుండ్రటి నొక్కులు ఉంటే ఎవరో గొట్టం తొడిగి బలం పెంచి లాగారన్నమాట. పక్క నుంచి చూసి పిడి వంకర ఉందేమో గమనించండి. తల రెండువైపులా అసహజంగా పల్చగా ఉంటే ఇరుకు చోటులో దూరడానికి గ్రైండ్ చేశారని అర్థం. సేకరణకు అది పెద్ద లోపం. భాగాలు మార్చిన రెంచీలూ వస్తుంటాయి: దవడ మీద ఒక రకం తుప్పు, కమ్మీ మీద మరో రకం, స్క్రూ మాత్రం కొత్తగా మెరుస్తుంటే ముక్కలన్నీ ఒకే పానావి కావని అనుకోవచ్చు.

పోత ఇనుమా, సుత్తిపోటు ఉక్కా అన్నది పక్క అంచున తెలుస్తుంది. అచ్చు కలిసిన చోట గీత సన్నగా ఉంటే పోత, వెడల్పు పట్టీలా ఉండి గ్రైండ్ చేసిన గుర్తులుంటే సుత్తిపోటు. పోత దవడని సుత్తితో కొట్టి సరిచేయబోతే విరుగుతుంది, కాబట్టి ఈ తేడా తర్వాతి పనుల్లో అక్కరకొస్తుంది.

ముద్రలు చదవడం

తుప్పులో మునిగిన అక్షరాలను గీకి చదవబోకండి. నూనె పూసి తుడిచి, సుద్ద అడ్డంగా రుద్దండి, గుంటల్లో తెలుపు నిలుస్తుంది. లేదా చీకట్లో టార్చిని దాదాపు పానాకి ఆనించి పక్కనుంచి వెలుగు వేయండి. నీడలు పడి, ఎదురు వెలుగులో కనిపించని అక్షరాలు కూడా బయటపడతాయి. ఆ వెలుగులోనే ఫోటో తీసిపెట్టుకోండి. శుభ్రం చేసే క్రమంలో ఏదైనా పోతే ఆ ఫోటోయే ఆధారం.

అమెరికా పేటెంట్ తేదీలు చదవడంలో ఒక తేలిక కిటుకు ఉంది. 19వ శతాబ్ది రెండో సగం నుంచీ అక్కడ పేటెంట్లు మంగళవారాల్లోనే జారీ అవుతున్నాయి. మీరు చదివిన తేదీ మంగళవారం కాకపోతే ఏదో అంకె తప్పు చదివారన్నమాట. 3, 8, 9 ఎక్కువగా తారుమారవుతాయి. తేదీ లేకుండా నంబరు మాత్రమే ఉంటే కాలాన్ని ఇలా పట్టవచ్చు: 1900 మొదట్లో నంబర్లు 6.4 లక్షల దగ్గరున్నాయి, పది లక్షలవది 1911 ఆగస్టులో వచ్చింది, 1920 మొదటికి సుమారు 13.27 లక్షలు, 1930కి 17.42 లక్షలు, 1940కి 21.85 లక్షలు. పేటెంట్ ఏడాది అంటే తయారీ ఏడాది కాదని గుర్తుంచుకోవాలి. ఆ ఏడాదికి ముందు తయారై ఉండదు, అంతే. ఒకే పేటెంట్ ముద్రతో ఏళ్ల తరబడి తయారీ నడిచేది. ‘వెస్ట్ జర్మనీ’ అని ఉంటే 1949కి, 1990కి నడుమది.

సైజు అంకెలు కొత్తవాళ్లని బాగా తికమక పెడతాయి. పాత బ్రిటిష్ పానా మీద విట్‌వర్త్ (పాత బ్రిటిష్ బోల్టు మరల ప్రమాణం) గుర్తుతో 1/2 అని ఉంటే నోటి వెడల్పు అర అంగుళం కాదు. ఆ అంకె బోల్టు కాడ వ్యాసం. అసలు విట్‌వర్త్ కొలతలో 1/2 బోల్టు నట్టు ఒక చదును నుంచి ఎదుటి చదునుకు 0.920 అంగుళం, అంటే 23.4 మి.మీ. రెండో ప్రపంచ యుద్ధకాలంలో నట్ల తలలను ఒక సైజు తగ్గించారు. అందుకే 7/16 విట్‌వర్త్, 1/2 బి.ఎస్. (బ్రిటిష్ స్టాండర్డ్) అని రెండు అంకెలు పక్కపక్కన కనిపిస్తాయి. రెండింటి నోరూ 0.820 అంగుళమే. పాత అమెరికన్ ప్రమాణంలో 1/2 బోల్టు నట్టు 7/8 అంగుళం. కొన్ని కంపెనీలయితే సైజు వేయకుండా మోడల్ నంబరు మాత్రమే కొట్టేవి. అంకెని నమ్మకుండా వెర్నియర్‌తో నోరు కొలవడమే మేలు.

విప్పడం

ముందు జిడ్డు కడగాలి. వేడినీళ్లలో గిన్నెల సబ్బు, కొంచెం చాకలి సోడా వేసి, పళ్ల బ్రష్‌తో రుద్దండి. గట్టిపడ్డ గ్రీజును కిరసనాయిలు కరిగిస్తుంది. జిడ్డు మిగిలితే తర్వాత వేసే ద్రావణం అక్కడ పనిచేయక తుప్పు మచ్చలుగా నిలిచిపోతుంది. పాత రంగు ఉన్న పానాలయితే సీసం ఉండే అవకాశముంది కాబట్టి పొడిగా గీకకండి, తడిపి రుద్దండి.

పట్టేసిన స్క్రూకి ఆటోమేటిక్ గేరు నూనె, అసిటోన్ సమపాళ్లలో కలిపిన మిశ్రమం బాగా దూరుతుంది. రెండూ విడిపోతుంటాయి కాబట్టి ప్రతిసారీ సీసా కుదిపి వేయాలి. రోజుకి రెండుసార్లు చొప్పున రెండు రోజులు వేసి, మధ్యలో చిన్న సుత్తితో చుట్టూ తేలిగ్గా తట్టండి. ఈ అదురే తుప్పు పొరని చీల్చి నూనెకి దారి ఇస్తుంది. ఇది భగ్గున అంటుకునే మిశ్రమం. దీన్ని వేశాక పానాకి మంట చూపించకూడదు.

వేడి పెట్టాల్సి వస్తే నూనె వేయకముందే, హీట్ గన్‌తో, 200 డిగ్రీల సెల్సియస్ దాటకుండా. ఉక్కు ముఖం మీద లేత గడ్డిరంగు కనిపించిందంటే 220 డిగ్రీలు దాటుతున్నట్టు. నీలం తేలిందంటే దాదాపు 300, దవడ టెంపర్ (ఉక్కుకి పెట్టిన గట్టిదనం) అప్పటికే తగ్గిపోయింది. అది ఇక నట్టు అంచులకి గుంటలు పడే మెత్తని దవడ. చేతితో తాకలేనంత వేడెక్కాక కీలు దగ్గర కొవ్వొత్తి మైనం ఆనిస్తే కరిగి లోపలికి పీల్చుకుంటుంది. చాలా మొండి స్క్రూలు దీనికి లొంగుతాయి.

స్క్రూ పానాలో చక్రానికి మధ్యగా ఒక పిన్ను వెళ్తుంది. పక్కనున్న గాడిలో స్క్రూడ్రైవర్ పెట్టి విప్పాలి. ఆ గాడి సన్నం. స్క్రూడ్రైవర్ మొన గాడి వెడల్పుకి సరిగ్గా ఇమిడేలా ఆకురాయితో సాపు చేసుకున్నాకే చేయి వేయండి. గాడి చిట్లితే పిన్ను తీయడానికి డ్రిల్లు తప్ప దారి ఉండదు. పిన్ను వెనక చిన్న చుట్ట స్ప్రింగు ఉంటుంది. పనంతా లోతైన పళ్లెంలో చేయకపోతే అది ఎగిరి పోతుంది, పోయిందంటే సరిపోయేది వెతకడానికి వారాలు పడుతుంది. పిన్నుకి గాడి లేకపోతే అది కొట్టి దించిన రకం. ఇత్తడి కడ్డీ పెట్టి ఏ వైపు సన్నగా ఉందో ఆ వైపు నుంచి తట్టాలి.

చెక్కపిడి మంకీ రెంచీల్లో చాలావాటికి ఉక్కు కమ్మీ పిడి గుండా చివరిదాకా పోయి, కొసన నట్టుతో బిగుసుకుంటుంది. నట్టు విప్పితే పిడి, దాని మెడన ఉన్న ఇనుప కట్టు, ఆపైన సర్దుబాటు స్క్రూ వరసగా వస్తాయి. పిడి రాకపోతే చెక్క మీద కొట్టవద్దు. వైస్‌లో కమ్మీ పట్టించి, ఇనుప కట్టు అంచున ఇత్తడి కడ్డీతో చుట్టూ కొంచెం కొంచెం తట్టండి. పిడి రెండు చెక్కరేకులుగా రివిట్లతో బిగించి ఉంటే విప్పనే వద్దు.

తుప్పు దించడం

పైపొర తుప్పు మాత్రమే ఉంటే ద్రావణం జోలికి పోనక్కర్లేదు. నాలుగు సున్నాల స్టీలు పీచుని పల్చటి యంత్రం నూనెలో ముంచి రుద్దితే ఎర్రది పోయి ముదురు గోధుమ పొర మిగులుతుంది. దాచుకునే పానాకి సరిగ్గా కావలసింది అదే.

దట్టమైన తుప్పుకి నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్). దీన్ని ఒట్టిగా, లీటరు గోరువెచ్చని నీటికి 50 గ్రాములు వేసి వాడవచ్చు. కానీ పులుపు నేరుగా ఉక్కునీ తింటుంది. ఎక్కువసేపు ఉంచితే ఉపరితలం బూడిదరంగు తిరిగి గరుకవుతుంది. అందుకే సోడాతో ఆ పులుపుని కొంత విరిచిన మిశ్రమం మంచిది: లీటరు నీటికి 100 గ్రాముల నిమ్మ ఉప్పు, దాంట్లో 63 గ్రాముల వంట సోడా, నాలుగు చుక్కల గిన్నెల సబ్బు. సోడాని చెంచా చెంచాగా వేయాలి, ఒక్కసారి కుమ్మరిస్తే నురుగు బకెట్ దాటి పొంగుతుంది. ఈ మిశ్రమం తుప్పుని పట్టుకుని కరిగిస్తుంది, అడుగు ఉక్కుని చాలా తక్కువగా ముట్టుకుంటుంది. పానా పూర్తిగా మునగాలి. సగం బయట ఉంటే నీటి మట్టం దగ్గర లోతైన గీత పడి శాశ్వతంగా ఉండిపోతుంది. మూడు నాలుగు గంటలకోసారి తీసి బ్రష్‌తో రుద్ది మళ్లీ వేయండి. ఒక రాత్రికి చాలా పానాలు తేరుకుంటాయి.

తీయగానే చిక్కటి నల్లమసి కనిపిస్తుంది, అది బ్రష్‌కి వచ్చేస్తుంది. లీటరుకి చెంచా వంట సోడా కలిపిన నీటిలో ముంచి, మరిగే నీళ్లు పోసి కడగండి. ఉక్కు వేడెక్కితే తనే ఆరుతుంది. చల్లనీళ్లతో కడిగి గాలికి వదిలితే కళ్లముందే పసుపు తుప్పు తేలుతుంది. ఇంకా వెచ్చగా ఉండగానే నూనె పట్టించాలి.

పెద్ద పైపు రెంచీలకి, గుంటలు పడ్డవాటికి విద్యుత్ పద్ధతి నయం. ప్లాస్టిక్ బకెట్‌లో లీటరుకి 5 గ్రాముల చాకలి సోడా కలపండి. 12 వోల్టుల బ్యాటరీ చార్జరు ఋణ తీగ పానాకి, ధన తీగ పనికిరాని మామూలు ఇనుప కడ్డీకి. తీగలు తారుమారైతే కరిగిపోయేది పానాయే. రెండూ ఒకదానికొకటి తగలకూడదు. కడ్డీకి ఎదురుగా ఉన్న ముఖమే బాగా శుభ్రమవుతుంది కాబట్టి నాలుగు పక్కలా నాలుగు కడ్డీలు నిలబెట్టి వాటన్నిటినీ తీగతో కలపండి, లేదా మధ్యలో పానాని తిప్పండి. 2 నుంచి 6 ఆంపియర్లు చాలు. కడ్డీగా స్టెయిన్‌లెస్ స్టీలు వాడవద్దు, దానిలోని క్రోమియం విషపూరిత రూపంలో నీటిలోకి వస్తుంది. సోడా బదులు ఉప్పు వేయవద్దు, క్లోరిన్ వాయువు వస్తుంది. బుడగల్లో హైడ్రోజన్ ఉంటుంది కాబట్టి బయట, నిప్పుకి దూరంగా చేయాలి. పానాని కదిపేముందు చార్జరు ఆపాలి.

పులుపు ద్రావణంలోనూ, విద్యుత్ పద్ధతిలోనూ పుట్టే హైడ్రోజన్ కొంత ఉక్కులోకి దూరుతుంది. గట్టి ఉక్కు పెళుసెక్కడానికి అదే కారణం. చిన్న స్ప్రింగులు దీనికి మొదట బలవుతాయి: బాగా శుభ్రంగా వచ్చి, బిగించిన మర్నాడు పుటుక్కున విరుగుతాయి. స్ప్రింగులను నూనె, బ్రష్‌లతోనే సరిపెట్టుకోండి.

పూత ఉన్న పానాలు వేరే సంగతి. క్రోమియం పూత లేచిన చోట ఈ రెండు పద్ధతుల్లో ఏది చేసినా రేకులుగా ఊడుతుంది. అల్యూమినియం రేకును నలిపి నీటిలో ముంచి రుద్దితే క్రోమియం గీతలు పడకుండా తుప్పు మచ్చలు పోతాయి. మసకగా, కొద్దిగా పసుపు ఛాయతో ఉండే వెండిరంగు పూత పాత పానా మీద కనిపిస్తే కాడ్మియం కావచ్చని అనుకుని నడుచుకోండి. దాన్ని గీకకూడదు, వేడి చేయకూడదు, పులుపులో వేయకూడదు. దాని పొడి, పొగ విషం. చేతి తొడుగులతో సబ్బునీటిలో కడిగి నూనె రాయడంతో సరి.

ఇంతచేసినా తిరిగే బ్రష్ అవసరమైతే ఇత్తడి వైరుది, తక్కువ వేగంలో, అక్షరాలకి దూరంగా. రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి. తిరిగే చక్రం దగ్గర వదులు చేతి తొడుగులు వేసుకోవద్దు, పట్టుకుంటే చేతిని లాక్కుపోతుంది.

దవడలు, పళ్లు, పిడి

దవడలు మూసి వెలుతురుకి ఎదురుగా పట్టండి. అడుగున ఆని కొసల దగ్గర సందు ఉంటే దవడ సాగింది. వాడే పానాకి కొత్త బోల్టు తలని నోట్లో పెట్టి ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి ఉక్కు రేకు) దూర్చి చూడండి. 19 మి.మీ. పానాలో 0.5 మి.మీ. రేకు తేలిగ్గా దూరితే అది నట్ల మూలలు గుండ్రం చేసే పానాయే, వాడుకకి వద్దు. లేచిన ముళ్లను మాత్రమే ఆకురాయితో తీయాలి. దవడ ముఖాన్ని రాయకూడదు, రాస్తే నోరు మరింత పెద్దదవుతుంది.

పైపు రెంచీలో కొక్కెపు దవడ వదులుగా ఊగుతుంటుంది. ‘అరిగిపోయింది’ అని దాన్ని బిగించేవాళ్లున్నారు. స్టిల్‌సన్ నమూనా పట్టంతా ఆ ఊగులోనే ఉంది. పిడి లాగగానే దవడ వాలి పళ్లు పైపులోకి కరుచుకుంటాయి, వెనక్కి తిప్పగానే వదులుతాయి. బిగిస్తే జారుతుంది. సరిచేయాల్సింది పళ్లు: మూలల్లో పేరుకున్న మురికిని సూదితో తీసి, మొద్దుబారిన కొసలని చిన్న మూడంచుల ఆకురాయితో, ఉన్న వాలునే అనుసరించి సాపు చేయండి. ఆకురాయి కోయకుండా జారిపోతుంటే పళ్లు గట్టిపరిచినవి, అప్పుడు డైమండ్ రాయి వాడాలి. దవడని నిలిపే పల్చటి స్ప్రింగు రేకు విరిగి ఉందేమో కూడా చూడండి, పైపు పట్టు తడబడటానికి చాలాసార్లు అదే కారణం.

వదులైన చెక్కపిడిని నీటిలో నానబెడితే ఉబ్బి బిగుసుకుంటుంది, ఆరాక మునుపటికంటే వదులవుతుంది, పైగా లోపల కమ్మీ తుప్పు పడుతుంది. బదులుగా అవిసె నూనె పల్చగా పూసి, అరగంటాగి తుడిచి, రోజుకొకసారి వారంపాటు చేయండి. చీలికలోకి జిగురు ఎక్కించి దారంతో చుట్టి బిగిస్తే సరిపోతుంది. చెక్క మీద ముద్ర ఉంటే గరుకు కాగితం తాకనివ్వొద్దు. అవిసె నూనె గుడ్డలు ముద్దగా పడేస్తే వాటంతట అవే రాజుకుంటాయి. ఆరుబయట విడివిడిగా పరిచి ఆరనిచ్చాకే పారేయాలి.

బిగింపు, పూత, నిల్వ

స్క్రూ మరలకు ఒక చుక్క నూనె, జారే ముఖాలకు సన్నటి పూత, అంతకు మించి అక్కర్లేదు. గ్రీజు దట్టంగా పెడితే దుమ్ము పట్టి సానరాయిలా పనిచేస్తుంది. ఉక్కు మీద మైక్రోక్రిస్టలైన్ మైనం గానీ, తేనెమైనాన్ని టర్పెంటైన్‌లో కరిగించింది గానీ పల్చగా రుద్ది మెరుగు పెట్టండి. వాడే పానాకి నూనే చాలు. అసలు నల్లపూత మిగిలి ఉంటే అది అంచుల్లో ఊడిపోయినా సరే, కొత్త రంగు వేయకండి. కొనేవాడు మొదట వెతికేది ఆ పాత పూతనే.

స్క్రూ పానాని వాడేటప్పుడు బలం స్థిర దవడ మీద పడేలా తిప్పాలి. కదిలే దవడ మీద వేస్తే గాడి మూల చీలుతుంది, పైన చెప్పిన పగుళ్లలో చాలా వాటికి మూలం ఇదే.

టేకు, ఓక్ వంటి చెక్కల పెట్టెల నుంచీ తోలు సంచుల నుంచీ వచ్చే ఆమ్లాలు ఉక్కుకి పడవు. వార్తాపత్రిక కాగితం కూడా అంతే. తుప్పుని ఆపే ఆవిరి వదిలే ప్రత్యేక కాగితంలో చుట్టి, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో ఉంచితే ఏళ్ల తరబడి ఉంటాయి. పట్టుకున్న ప్రతిసారీ వేలిముద్రలు తుడిచి పెట్టాలి, చెమట ఉప్పుకి ఆ వేలి ఆకారంలోనే తుప్పు లేస్తుంది. ప్రతి పానాకి ఒక కాగితం మీద ముద్రల పాఠం, నోటి కొలత, ఏ ద్రావణంలో ఎంతసేపు ఉంచారో రాసి డబ్బాలో పెట్టండి. మార్చిన భాగం ఏదైనా ఉంటే అదీ రాయండి.